ప్రెషర్ పెంచే ముందు బ్లేడు చూడండి

మా అమ్మ దగ్గర ఒక చిన్న కటింగ్ మెషీన్ ఉంది. ప్రింటర్ సైజులో ఉంటుంది, ఇంకు బదులు బ్లేడు. ల్యాప్‌టాప్‌లో డిజైన్ పెడితే కార్డు మీద ఆ గీత వెంబడే కోసుకుంటూ పోతుంది. తణుకులో మా చుట్టుపక్కల అన్నప్రాసనలకి, ఓణీల ఫంక్షన్లకి స్టేజీ వెనక పెట్టే పేర్లు, కేకు మీద గుచ్చే అక్షరాలు అమ్మే చేసిస్తుంది. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళేసరికి అది కార్డుని సగం కోసి సగం వదిలేస్తోంది. రెండు రోజుల్లో ఒక శ్రీమంతం ఆర్డరు ఇవ్వాలి.

"ఏరా, కంప్యూటర్ చదువుతున్నావుగా, ఇదీ కంప్యూటరే కదా, చూడు" అంది.

మనలో చాలామంది ఏం చేస్తారో నేనూ అదే చేశా. సాఫ్ట్‌వేర్ తెరిచి ప్రెషర్ స్లైడర్ పెంచా. తెగలేదు. ఇంకా పెంచా. బ్లేడు బయటికి వచ్చే లోతు కూడా పెంచి, ప్రెషర్ మ్యాగ్జిమమ్‌లో పెట్టా. ఈసారి కార్డు తెగలేదు, చిరిగింది. కింద ఉండే జిగురు మ్యాట్ మీద 'శ్రీ' అక్షరం గాటు పడింది, ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి అమ్మ, చీటీ డబ్బులు వస్తాయి కదా, పెద్ద మెషీన్ కొనేద్దాం అంది. ఏడాదిన్నరగా కడుతున్న చీటీ అది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ మెషీన్లు సరిగ్గా కోయకపోతే ప్రెషర్ అనేది చివర ముట్టుకోవాల్సిన నంబర్. మనం మొదట దాన్నే ముట్టుకుంటాం, ఎందుకంటే స్క్రీన్ మీద అది ఎదురుగా కనిపిస్తుంది.

అసలు ఆ స్లైడర్ పేరులోనే తిరకాసు ఉంది. ప్రెషర్ అని రాసి ఉంటుంది గానీ మనం పెంచేది ఫోర్స్. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి, ప్రెషర్ అంటే ఫోర్స్ బై ఏరియా. ఏరియా ఎక్కడుంది? బ్లేడు మొన దగ్గర. ఇంట్లో వాడే సిల్హౌట్ పోర్ట్రెయిట్ లాంటి చిన్న మెషీన్ గరిష్ఠంగా పెట్టే బలం 210 గ్రాములు, అంటే పావుకిలో కూడా కాదు. అంత తక్కువ బలంతో మందపాటి కార్డు తెగుతోందంటే కారణం మొన సన్నగా ఉండటమే. మొన మొద్దుబారి ఏరియా పెరిగితే, అదే ఫోర్స్‌కి ప్రెషర్ పడిపోతుంది. అంటే కటింగ్ ప్రెషర్ పెంచడానికి అసలు దారి కొత్త బ్లేడు.

ఇది నాకు తట్టలేదు. అమ్మకి తట్టింది. "కత్తిపీట మొద్దుబారితే టమాటా నలుగుతుంది గానీ తెగదు కదరా" అంది. రెండు నెలల నుంచి అదే బ్లేడుతో గ్లిటర్ కార్డు కోస్తోందట. గ్లిటర్ బ్లేడుని చాలా త్వరగా తినేస్తుంది. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే హోల్డర్ లోపల కార్డు పీచు ఇరుక్కుని ఉంది. పిన్నీసుతో తీశాం.

ఆ పీచు చిన్న విషయం కాదు. ఈ మెషీన్లలో బ్లేడుని ఎటు తిప్పాలో మోటారు చెప్పదు. మొన మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉంటుంది, బండి ముందు చక్రంలా లాగిన వైపు అదే తిరుగుతుంది. పీచు అడ్డుపడితే తిరగదు, మూలల్లో చించేస్తుంది. ఎక్కువ బలంతో లోతుగా దిగినా అంతే, చుట్టూ కార్డు పట్టేసి మెలిక దగ్గర తిరగలేకపోతుంది. ఇంగ్లీషులో హెచ్, ఎల్, టి అన్నీ నిలువు, అడ్డ గీతలు. మన అక్షరాలు మొత్తం వంపులే. 'ప' తలకట్టు కొన్ని ఫాంట్లలో విడిగా చిన్న ముక్కగా వస్తుంది, ఒత్తులైతే చెప్పక్కర్లేదు. కాబట్టి తెలుగు కోసేవాళ్ళకి ఎక్కువ ప్రెషర్ ఇంకా ఎక్కువ చేటు. ఒక్కసారి గట్టిగా కాకుండా రెండుసార్లు తేలిగ్గా కోయించడం మేలు.

బ్లేడు లోతు గురించి ఇంకో మాట. బ్లేడు చుట్టూ ఉండే టోపీ కార్డుని తాకాక, ఆ పైన పెంచిన బలమంతా టోపీ మీదకే పోతుంది, మొన ఇంక దిగదు. లోతు చాలకపోతే స్లైడర్ ఎంత పెంచినా దండగ. బ్లేడు మీద 1 నుంచి 10 దాకా అంకెలుంటే ఒక్కో అంకె 0.1 మిల్లీమీటరు. కార్డు మందం కంటే ఒక పిసరు ఎక్కువ చాలు.

మ్యాట్ కూడా అనుమానించాల్సిందే. ప్రతిసారీ షీటులో ఒకే చోట తెగట్లేదంటే అక్కడ మ్యాట్ అరిగిపోయిందని అర్థం. జిగురు పోయి కార్డు కదులుతుంటే గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, గాలికి ఆరబెడితే కొంత జిగురు తిరిగొస్తుంది. కార్డు అంటించాక అమ్మ చపాతీ కర్రతో రుద్దుతుంది. దానికోసం అమ్మే రోలర్ కంటే బాగుందని నా ఫీలింగ్.

కంపెనీలు రెడీగా ఇచ్చే మెటీరియల్ సెట్టింగులు కూడా మన షాపులో దొరికే కార్డుకి సరిపోతాయని నమ్మకం పెట్టుకోకండి. అవి ఎక్కువగా వాళ్ళ కార్డుల కోసం పెట్టినవి. మనం అడిగేది "మూడొందల జీఎస్ఎం ఐవరీ కార్డు". అది మనమే ఒక మూల చిన్న చతురస్రం కోసి చూసుకుని, మన పేరుతో సేవ్ చేసుకోవాలి. ఒకసారికి ఒక్క నంబరే మార్చాలి. మూడు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు, ల్యాబ్‌లో డీబగ్గింగ్ చేసినవాళ్ళకి ఆ బాధ తెలుసు.

ప్రెషర్ ఎప్పుడూ పెంచొద్దని కాదు. లెదర్, పల్చటి చెక్క కోయాలంటే నిజంగానే పెద్ద బలం కావాలి. క్రికట్ మేకర్ లాంటివి 4 కిలోల దాకా పెడతాయి. అలాంటి ఆర్డర్లు వస్తుంటే కొనొచ్చు. కానీ ఐవరీ కార్డు తెగట్లేదని కొంటే, రెండు నెలలు గ్లిటర్ కోశాక ఆ బ్లేడూ మొద్దుబారుతుంది.

డబ్బాలో స్పేర్ బ్లేడు ఒకటి ఉంది. వేసి, ప్రెషర్ పాత నంబరుకే తెచ్చి, రెండుసార్లు కోయించాం. అయినా 'శ్రీ' కింద క్రావడి దగ్గర చిరిగింది. స్పీడు తగ్గించాక వచ్చింది. ఆర్డరు పొద్దున్న పదింటికి ఇచ్చేశాం. చీటీ డబ్బులు ఇంకా అలాగే ఉన్నాయి. గ్లిటర్‌కి అమ్మ ఇప్పుడు వేరే బ్లేడు వాడుతోంది, దాని డబ్బా మీద నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకుంది.

ఉగాదికి మన క్లబ్ స్టేజీ అక్షరాలు ఆ మెషీన్ మీదే కోయిస్తానని ఒప్పుకున్నా. కార్డు కొనేవాళ్ళు టెస్ట్ కట్‌కి రెండు షీట్లు ఎక్కువ తీసుకోండి. గ్లిటర్ మాత్రం వద్దు.