రెండు మందులు కలిస్తే రెట్టింపు బలమా?

ప్రశ్న: మాది కల్వకుర్తి. మా అత్తమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. ఆరు నెలల్లో మూడుసార్లు మూత్రంలో మంట వచ్చింది. మందుల షాపులో అడిగి తెచ్చిన బిళ్లలు వేస్తే నాలుగు రోజులు తగ్గి, మళ్లీ మొదలవుతోంది. ఈసారి '625' ఇచ్చారు. అందులో రెండు మందులు ఉన్నాయట. అంతకంటే పవర్ ఉన్న జంట మందులు ఉంటాయా?
- ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: ముందు ఆ 625 సంగతి చూద్దాం. అందులో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 క్లావులానిక్ యాసిడ్. బ్యాక్టీరియాను చంపేది మొదటిదే. రెండోదానికి సొంతంగా చంపే శక్తి అంతంతమాత్రం. మరెందుకు కలిపారంటే... కొన్ని బ్యాక్టీరియాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసి అమాక్సిసిలిన్‌ను పనికిరాకుండా చేస్తాయి. క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైముకు అతుక్కుని దాన్ని కదలనివ్వదు. అప్పుడు అమాక్సిసిలిన్ తన పని చేసుకుపోతుంది. ఈ జంట 1981లో బ్రిటన్‌లో మొదట అమ్మకానికి వచ్చింది.

625 దొరకలేదని 375 బిళ్లలు రెండు వేయకండి. ఒక్కో 375లో అమాక్సిసిలిన్ 250, క్లావులానిక్ యాసిడ్ 125 ఉంటాయి. రెండు వేస్తే క్లావులానిక్ యాసిడ్ రెట్టింపై విరేచనాలు పట్టుకోవచ్చు.

కోట్రైమాక్సజోల్‌ది మరో పద్ధతి. ఫోలిక్ యాసిడ్ మనకు ఆకుకూరల నుంచి అందుతుంది. చాలా బ్యాక్టీరియాలు దాన్ని సొంతంగా తయారుచేసుకోవాలి. (మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసింది ఈ ఫోలిక్ యాసిడ్‌నే.) ఆ తయారీని ఈ బిళ్లలోని రెండు మందులు రెండు చోట్ల అడ్డుకుంటాయి.

మొండి టీబీలోనూ అంతే. ఒక మందుకు లొంగని క్రిమి ఇంకోదానికి లొంగుతుందని నాలుగు కలిపి ఇస్తారు. ఇంజక్షన్లు లేకుండా బిళ్లలతోనే ఆరు నెలల్లో పూర్తయ్యే అలాంటి చికిత్సకు మన దేశంలో 2024లో అనుమతి వచ్చింది.

అంటే మంచి జంటలో ప్రతి మందుకూ ఒక పని ఉంటుంది. అలాంటి కారణం లేకుండా కలిపేసినవీ మార్కెట్లోకి వచ్చాయి. అందుకే కేంద్రం 2018లో 328, 2024లో 156 మిశ్రమ మందులను నిషేధించింది. వాటిలో యాంటీబయాటిక్ మిశ్రమాలూ ఉన్నాయి.

ఇక మీ అత్తమ్మ విషయం. ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములు తయారుచేసే బ్యాక్టీరియా అయితే 625 కూడా పనిచేయకపోవచ్చు. అదే మంట మూత్రాశయం వరకే ఉంటే, 1950ల నాటి నైట్రోఫ్యూరాంటాయిన్ ఒక్కటే నయం చేయనూవచ్చు. కిడ్నీల పనితీరు చూసి డాక్టరే అది రాయాలి. ఏది పనిచేస్తుందో తేల్చేది యూరిన్ కల్చర్ పరీక్ష. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. మందు పేరు పక్కన 'ఎస్' ఉంటే బ్యాక్టీరియా దానికి లొంగుతుందని, 'ఆర్' ఉంటే లొంగదని అర్థం. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా ఇవ్వడం మేలు. ఇప్పటికే వేసి ఉంటే ఆ సంగతి చెప్పండి. నమూనా రెండు గంటల్లో ల్యాబుకు చేరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఇప్పుడు వేస్తున్న 625ను మీ అంతట మీరు ఆపడం, మార్చడం చేయకండి. ఇంతవరకు వాడిన స్ట్రిప్పులన్నీ తీసుకుని ఆమెను డాక్టరుకు చూపించండి. పెన్సిలిన్, సల్ఫా మందులు గతంలో పడకపోతే ముందే చెప్పాలి. ఇలా పదేపదే వస్తోంది కాబట్టి షుగర్, కిడ్నీ పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేయిస్తారు.

చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, మగత కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి, రక్తానికి పాకి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో అది ప్రాణం మీదికి తెస్తుంది. రాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనుకోకుండా దవాఖానకు తీసుకెళ్లండి.