అక్క చేతికి కట్టని పట్టీ

మా అక్క 1994లో పోయింది. కడుపుతో ఉంది, ఎనిమిదో నెల. కాళ్లు ఎంత ఉబ్బాయంటే మెట్టెలు రాక మా అమ్మ సబ్బునురగ రాసి తీసింది. "అమ్మా, తల పగిలిపోతందే" అని రెండ్రోజులు మొత్తుకుంది. మూడోనాడు కళ్లముందు మిణుగురులు తిరుగుతున్నాయంది.

ఆ మూడు రోజుల్లోనే నర్సమ్మ ఊళ్లోకొచ్చింది. ఎప్పట్లాగే పెద్దకులపోళ్ల అరుగు మీద కూచుంది. మా మాదిగపల్లె ఆడోళ్లు కింద, ఎండలో. రక్తం బిళ్లలు పైనుంచి దోసిట్లో పడేసింది. బీపీ మిషను పెట్టె మూత తియ్యలేదు. తీస్తే చెయ్యి పట్టుకోవాలి గదా, పట్టీ కట్టాలి గదా! ఆ అరుగు మీదోళ్ల బిడ్డలందరి బొడ్లూ కోసిన మంత్రసాని మా అమ్మే. అప్పుడు ఆ చేతికి మైల లేదు.

ఆ రాత్రే ఫిట్సు వచ్చాయి. గుర్రపువాతం అన్నారు కొందరు, గాలి సోకిందన్నారు కొందరు. ఎడ్లబండిలో ఆసుపత్రికి తీసుకుపోతే, మందు లేదు, పట్నం పొమ్మని చీటీ రాసిచ్చారు. ఒక్క సూది వెయ్యలేదు. చీటీ అమ్మ కొంగున ఉండగానే దారిలో అక్క చల్లబడింది.

కారంచేడు (1985), చుండూరు (1991) చావుల మీద మనం వీధికెక్కాం. ఎక్కాలి గూడా. కానీ అన్నలారా, గొడ్డలి కనపడని ఈ చావుని ఏ కరపత్రంలో రాశాం? ఆడదాని కానుపు గదా అని వదిలేశాం.

తర్వాత నేనే ఏఎన్ఎం అయ్యాను. మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు అక్క చచ్చేనాటికే ఉందని అప్పుడు తెలిసింది. ఖరీదైందేం కాదు. ఫిట్సు మళ్లీ రాకుండా ఆపటంలో డయాజిపామ్ కంటే ఇదే మేలని 1995లో అచ్చయిన పరిశీలన తేల్చింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద చూస్తే ఫిట్సు వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గింది. ఫిట్సు వస్తే మొదటి మోతాదు ఏఎన్ఎమ్మే ఇచ్చి పంపాలని 2010 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి: ఒక్కో పిరుదుకు 5 గ్రాములు.

ఇప్పుడు చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రశ్నల కాయితాలు పట్టుకుని మా దగ్గరకొస్తారు. 140/90 అంటే ఏంటి? 160/110 అయితే ఏం చేస్తావ్? మార్కులేసి, 'కింది సిబ్బందికి సంసిద్ధత లేదు' అని రాసుకుపోతారు. నా పట్టీలో గాలి నిలవదని రాశారా? పెట్టెలో మందు గడువు దాటిందని రాశారా? "ఆ సూది వేసి ఏమన్నా అయితే నీ ఉద్యోగం సంగతి నాకు తెలీదు" అన్న డాక్టరుగారికి ఎన్ని మార్కులేశారు?

మూడు అర్జీలు పెట్టాక కొత్త ఆంప్యూళ్లొచ్చాయి. ఆ తర్వాత ఒక అర్ధరాత్రి మా వాడలోనే ఒక పిల్లకి ఫిట్సు. 108కి ఫోన్ చేయించి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, పది ఆంప్యూళ్లు విరిచాను. చేతులు వణికాయి. మోతాదు మీరితే ఊపిరి ఆపేసే మందు అది. బండి వచ్చేదాకా ఊపిరి లెక్కపెడతా కూచున్నా. మా అమ్మ వచ్చి ఆ పిల్ల కాళ్లు చూసింది. ఏం మాట్లాడకుండా సబ్బు తెచ్చుకుని మెట్టెలు తియ్యటానికి కూచుంది.

తల్లీ బిడ్డా దక్కారు. నాకు మెమో వచ్చింది, ఎవరి అనుమతితో ఇచ్చావని. మార్గదర్శకాల పేజీ జెరాక్సు తీయించి దానికి కుట్టి పంపాను. ఇంతవరకూ జవాబు లేదు.