మిగిలిన ముక్కలు



క్రిస్మస్ దగ్గరపడితే ప్రతి ఇంటా కొత్త బట్టల మాటే. అయితే ఆ బట్ట మన ఒంటిమీదికి రాకముందే ఎంత గుడ్డ వ్యర్థమవుతుందో ఆలోచించారా? చిరిగిన పాత బట్టలే వ్యర్థం అనుకుంటాం. దాని మొదలు ఫ్యాక్టరీలోనే ఉంది.

రెడీమేడ్ ఫ్యాక్టరీలో గుడ్డను పెద్ద బల్లమీద పొరలు పొరలుగా పరచి ఒకేసారి కత్తిరిస్తారు. మెడ, చంక, చేతులు అన్నీ వంపులే. ఆ వంపుల మధ్య మిగిలేవి ముక్కలే. నూరు గజాలలో సుమారు 15 గజాలు ఇలా పోతాయని అంచనా. ఆపైన రంగు తేడా వచ్చిన తానులు, కుట్టు తప్పినవి, అమ్ముడుపోనివి. తిరుప్పూరు బనియన్ ముక్కలు కొన్ని ‘వేస్టు’ పేరుతో మెకానిక్ షెడ్లలో నూనె తుడవడానికైనా పనికొస్తాయి. అన్నిటికీ ఆ భాగ్యం లేదు. ఇంగ్లండులోని బర్బెరీ కంపెనీ అమ్ముడుపోని బట్టలు, సెంట్లు మొదలైన సరుకు 2 కోట్ల 86 లక్షల పౌండ్ల విలువైనది ఒక్క ఏడాదిలో నాశనం చేసింది. లోకం తప్పుపట్టాక 2018లో ఆ పద్ధతి మానుకుంది.

మన చీరకు, పంచెకు కత్తెర అక్కరలేదు. మగ్గం దిగింది దిగినట్టే కట్టుకుంటాం. ప్రభువు తొడిగిన అంగీకి కూడా అతుకు లేదని యోహాను 19వ అధ్యాయంలో చదువుతాం. సిలువ వేసిన సైనికులు సైతం దాన్ని చింపకుండా చీట్లు వేసుకున్నారు.

మరి మనం? చవకగా వచ్చిందని కొన్న పాలిస్టరు గౌను ఏడాది తిరగకముందే మూలపడుతుంది. అది నూలు గుడ్డలా మట్టిలో కలిసేది కాదు, బొంతకూ పనికిరాదు. చివరికి బీదలకిచ్చే మూటలో చేరుతుంది. దొర్కా విధవరాండ్రకు అంగీలు కుట్టి ఇచ్చింది. తనకు పనికిరానివి వదిలించుకుందని అక్కడ లేదు. మనం తొడగలేనిది మరొకరికిస్తే అది దానమవుతుందా?

తల్లులారా, ఈసారి అవసరమైనన్ని జతలే కొనండి. ఎదిగే పిల్లలకు లోపల మడత వదిలి కుట్టించండి. ఊరి దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి. సంఘంలో కుట్టు నేర్చుకునే ఆడపిల్లలకు ఇస్తే దిండు గలీబులు, పసిపిల్లల టోపీలు తయారవుతాయి.

అయిదు వేలమందికి రొట్టెలు పంచిన ప్రభువుకు కొదువ లేదు. అయినా మిగిలిన ముక్కలు పోగుచేయమని శిష్యులకు చెప్పాడు. సమృద్ధి ఇచ్చినవాడే పొదుపూ నేర్పాడు.

ఆయన మీ గృహాలను దీవించును గాక. ఆమేన్.