రింగును చివర కొనండి

గౌరవనీయులైన తెలంగాణ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,

డిచ్‌పల్లి క్యాంపస్‌లో విద్యార్థులకు ఏడాది పొడవునా అమెచ్యూర్ బాక్సింగ్ శిక్షణ ఉండాలని అడగడానికి ఈ ఉత్తరం. వినతిపత్రంగా ఇస్తే ఫైల్లో పడి ఉంటుంది. నలుగురూ చదివితే ఇద్దరైనా వాదనకు దిగుతారని ఇలా రాస్తున్నాను.

నిజామాబాద్‌కు ఈ ఆట కొత్త కాదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఈ ఊరి పిల్లే. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ 2023 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు తెచ్చిన మహ్మద్ హుసాముద్దీన్‌దీ ఇదే ఊరు. నిఖత్‌కు తొలి పాఠాలు చెప్పింది హుసాముద్దీన్ తండ్రి శంసముద్దీన్. కానీ ఇద్దరూ పైకి రావడానికి ఊరు దాటాల్సి వచ్చింది. ఆమె విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రానికి వెళ్లింది, అతను సైన్యంలో చేరాడు. అంత ప్రతిభ ఉన్నవాళ్లకు ఎక్కడో ఒకచోట దారి దొరుకుతుంది. నేను అడుగుతున్నది ఆ స్థాయి ఎన్నటికీ అందుకోని పిల్లల కోసం. ఎంకాంలో చేరాక మొదటిసారి గ్లవ్స్ తొడుక్కోవాలనిపించిన అమ్మాయి కోసం. హాస్టల్లో సాయంత్రమంతా ఫోన్‌కు అతుక్కుపోయే అబ్బాయి కోసం.

చాలా విశ్వవిద్యాలయాల్లో బాక్సింగ్ ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల సర్క్యులర్ వస్తుంది. కాలేజీలకు కబురు పోతుంది, ఒక్కరోజులో సెలక్షన్లు ముగుస్తాయి. బయటెక్కడో సొంత ఖర్చుతో నేర్చుకున్న పిల్లలకు ట్రాక్‌సూటూ రైలు టికెట్టూ ఇస్తారు. పతకం వస్తే ఫ్లెక్సీ కడతారు. నేర్పినవాళ్ల పేరు మాత్రం అందులో ఉండదు.

మీరు సరేనంటే మొదట కదిలేది రింగు కొటేషన్ల ఫైలే. రింగు ఫొటోలో బాగుంటుంది, ప్రారంభోత్సవానికి అక్కరకొస్తుంది. దయచేసి దాన్ని చివర కొనండి. మొదటి ఆరు నెలలు దాంతో పని లేదు. గాలి ఆడే హాలు, గోడకు అద్దాలు, స్కిప్పింగ్ తాళ్లు, నాలుగైదు పంచింగ్ బ్యాగులు, గోడ గడియారం చాలు. కొత్తవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది కాళ్లతో చేసే పని. ఎలా నిలబడాలి, బరువు వెనకపాదం నుంచి ముందుకు ఎలా మార్చాలి, జాబ్ (ముందు చేత్తో నేరుగా కొట్టే గుద్దు) విసిరిన చెయ్యి ఎంత చప్పున గడ్డం దగ్గరికి తిరిగి రావాలి. స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన, ఆ తర్వాతే, అదీ ఎవరు సిద్ధమయ్యారో కోచ్ పేరుపేరునా చెప్పాకే. బౌట్ అంటే మూడేసి నిమిషాల మూడు రౌండ్లే కదా అనుకుంటారు. చేతులు దించకుండా ఒక్క రౌండ్ షాడో బాక్సింగ్ చేసి చూడమనండి!

అందుకే మొదటి ఖర్చు కోచ్ మీద పెట్టండి. పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ డిప్లొమా ఉన్న మనిషి, పూర్తికాలం జీతం మీద. రెండో ఖర్చు డాక్టర్ మీద.

దెబ్బలు తగలవా అని పాలకమండలిలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. తగులుతాయి. 1960 ఏప్రిల్‌లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం బాక్సర్ చార్లీ మోర్ జాతీయ కళాశాలల పోటీ ఫైనల్ ఆడి, కాసేపటికే కుప్పకూలాడు. వారం తిరిగాక చనిపోయాడు. ఆ పోటీలు మళ్లీ జరగలేదు. 1976లో క్లబ్బుల రూపంలో వేరే సంఘం కింద కళాశాల బాక్సింగ్ తిరిగి మొదలైంది. ఈ సంగతి దాచిపెట్టి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. ఇవాళ బౌట్‌కు ముందు వైద్య పరీక్ష తప్పనిసరి, రింగు పక్కన డాక్టర్ ఉండాల్సిందే. తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయినవాళ్లను కొన్ని వారాలు స్పారింగ్‌కూ రానివ్వరు. ఆ క్రమశిక్షణ పోటీలకే కాదు, మామూలు సాధనకూ ఉండాలి. హెడ్‌గార్డ్ ఉంటే చాలనుకోవద్దు. అది చర్మం చిట్లకుండా కాస్త కాపాడుతుంది గాని లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. తల మీద దెబ్బలు తగ్గాలంటే స్పారింగే తగ్గాలి.

మరొకటి, బరువు. తక్కువ బరువు విభాగంలో ఆడటానికి తిండీ నీళ్లూ మానేయడం ఈ ఆటలో పాత జబ్బు. మొదటి ఏడాది పిల్లలెవరూ బరువు తగ్గించుకుని పోటీకి దిగకూడదని నియమం రాయించండి. హాస్టల్ మెస్‌లో వీళ్లకు రోజూ గుడ్లూ పాలూ ఇవ్వలేకపోతే శిక్షణ మొదలుపెట్టకండి.

కూతురి మొహం మీద దెబ్బలు చూసి పెళ్లెలా అవుతుందని తల్లి దిగులుపడిందని నిఖతే చెప్పింది. మీ దగ్గర చేరే అమ్మాయిల ఇళ్లలోనూ ఆ దిగులు ఉంటుంది. తల్లిదండ్రుల్ని పిలిచి సాధన చూపించండి. ఊరి నుంచి వచ్చి వెళ్లే అమ్మాయిలకు ఆఖరి బస్సు అందేలా సమయం పెట్టండి. మహిళా సహాయ కోచ్‌ను తీసుకోండి. మౌత్‌గార్డ్, చేతికట్లు ఎవరివి వాళ్లకే ఇప్పించండి.

వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాల ప్రకటనతో పాటే కోచ్ నియామక ప్రకటన కూడా వెలువడాలని కోరుతున్నాను. ఎంపిక కమిటీలో ఒక్కరైనా రింగులో నిలబడినవాళ్లు ఉండాలి.

ఇట్లు,
నిజామాబాద్ క్రీడాభిమాని