పెట్టుకోని వాచీ కొత్త వాచీ కాదు

అక్కలూ, చెల్లెళ్ళూ! సెలవుకి ఇంటికెళ్ళేటప్పుడు తమ్ముడికో, అల్లుడికో సెకండ్‌హ్యాండ్ రోలెక్సో ఒమేగానో పట్టుకెళ్దామనుకుంటున్నారా? "పదేళ్ళుగా బీరువాలోనే ఉంది, నాలుగుసార్లు కూడా పెట్టుకోలేదు" అంటే మురిసిపోకండి. సర్వీసు ఎప్పుడు చేయించారని అడగండి.

వాడకపోయినా వాచీ లోపలి నూనె ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కబడి ఎండిపోతుంది. నీళ్ళు పోకుండా ఆపే రబ్బరు రింగులు గట్టిపడతాయి. సీలు తీయని మందుకీ ఎక్స్‌పైరీ ఉంటుంది కదా, ఇదీ అంతే. ఒమేగా 5 నుంచి 8 ఏళ్ళకోసారి, రోలెక్స్ సుమారు 10 ఏళ్ళకోసారి సర్వీసు చేయించమంటాయి. ఎండిన నూనెతోనే నడిపిస్తే లోపలి భాగాలు అరుగుతాయి.

అందుకే నా మాట వినండి. కంపెనీ సర్వీసు సెంటర్లో ఎంతవుతుందో ముందే కనుక్కుని, అన్ని దిర్హాములు ధరలో తగ్గించమనండి. తెలిసిన వాచీ మెకానిక్ చేత వెనక మూత తీయించి చూపించాలనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. కొన్నా సరే, సర్వీసయ్యేదాకా దాంతో సముద్రంలో దిగొద్దని చెప్పండి.

రాస్ అల్ ఖైమాలో అమ్మేది తెలిసినవాళ్ళే కావచ్చు, ఊరు వదిలి వెళ్ళిపోతున్న పక్కింటివాళ్ళే కావచ్చు. బేరానికి మొహమాటమెందుకు? అది నైట్ డ్యూటీలు చేసి, ఇంటి ఖర్చులో మిగిల్చి కూడబెట్టిన సొమ్ము.