మరమ్మతు కూడ ఒక విద్యయే

తెలుగువారు నిత్యము వాడు 'మరమ్మతు' అను మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ వాకిలి గుండా మన ఇంటికి వచ్చినది. ఉస్తాదు, పేచు అను మాటలను పారసీకము ఇచ్చినది. మిస్త్రీ అను మాట పోర్చుగీసువారి ఓడలలో దిగినది. గొలుసు, ఇరుసు, చక్రము ముందే మనకున్నవి. ఇన్ని భాషలు తగవు లేక కలసి పనిచేయు చోటు మన ఊళ్లలో మోటారుసైకిళ్లు బాగుచేయు షెడ్డును మించి మరియొకటి కానరాదు. అయినను మన చదువులలో ఆ షెడ్డుకు చోటు లేదు. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పగల విద్యార్థి తన బండి గొలుసు ఎంత వదులుగా నుండవలెనో చెప్పలేకున్నాడు. ఈ లోటు చిన్నది కాదని మా అభిప్రాయము.

మనూరు మండలములోని పల్లెలకు, నారాయణఖేడ్ పట్టణమునకు నడుమ బస్సు ఎల్లవేళల దొరకదు. కళాశాలకు వచ్చు విద్యార్థికి, ఆసుపత్రికి పోవు గర్భిణికి, బీదరు అంగడికి పోవు రైతుకు మోటారుసైకిలే ఆధారము. నల్లరేగడి చేల నడుమ వానకాలమున బురద చక్రమునకు, మడ్‌గార్డుకు మధ్య గట్టిపడి చక్రమును పట్టివేయును. ఎండకాలమున దుమ్ము గొలుసులోను, గాలిజల్లెడలోను చేరును. పట్టణములో బండి ఆగిపోయిన నాలుగడుగులలో మిస్త్రీ కనబడును. ఇక్కడ చీకటి పడిన తరువాత దారిలో బండి నిలిచిన యెడల, దానిని తోసుకొని పోవలసినది మనమే.

ఒకప్పుడు బండి గలవానికి దాని సంగతి తెలియక తప్పెడిది కాదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్టును, 1961లో మైసూరులో ఐడియల్ జావా సంస్థ జావాను తయారుచేయ మొదలిడిన నాటి నుండి రెండు మూడు దశాబ్దములు అదే తీరు. జావా వంటి రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలుతోపాటు నూనెను తగుపాళ్లలో కలుపవలసియుండెను. ప్లగ్గు నల్లబడిన ఇంటివారే విప్పి తుడిచెడివారు. 1985లో హీరో హోండా వారి నాలుగు స్ట్రోకుల సీడీ 100 వచ్చినది. పెట్రోలు నింపుము, మూత మూయుము, ఇక మరచిపొమ్ము అను భావముగల దాని ప్రకటన దేశమంతట మారుమ్రోగినది. ఆ బండి నిజముగానే పొదుపైనది, మన్నికైనది. కాని జనులు పెట్రోలు చింతతోపాటు బండినే మరచిరి. ఇంజను నూనె మసియైనను మార్చరు. టైరు నున్నబడినను చూడరు. ఇంజను చెడిన బండి ఆగును, అంతియే. బ్రేకు చెడిన బండి ఆగదు. మరపునకు మూల్యము అక్కడ ప్రాణము.

కావున బయలుదేరుటకు ముందు అయిదు నిమిషములు బండిని పరికించుట మొదటి పాఠము. టైర్లలో గాలి ఎంత యుండవలెనో బండితో వచ్చిన పుస్తకములో ముద్రించియుందురు. ఒక్కరు ఎక్కునప్పుడు ఒక లెక్క, వెనుక మరియొకరు కూర్చుండినపుడు వేరొక లెక్క. టైరు గాళ్ల అడుగున అడ్డముగా చిన్న గట్లుండును. టైరు అరిగి వాటితో సమానమైన నాడు దానిని మార్చవలెను. డ్రమ్ముబ్రేకుగల పెక్కు బండ్లలో బ్రేకు చేతి వద్ద చిన్న బాణపు గుర్తుండును. బ్రేకు పూర్తిగా నొక్కినపుడు ఆ బాణము డ్రమ్ముపైనున్న గీతను చేరిన, లోపలి లైనింగు అరిగిపోయినదని అర్థము. ఈ గుర్తును చూచుటకు పానా కూడ అక్కరలేదు, కన్నులు చాలును. వెనుక ఎర్రదీపము బ్రేకు నొక్కినపుడు వెలుగుచున్నదో లేదో గోడ ఎదుట నిలిచి చూడవలెను.

రెండవది గొలుసు. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను ఆపి, క్రింది వరుస నడుమ వ్రేలితో పైకి క్రిందికి కదల్చిన, సాధారణమైన చిన్న బండ్లలో రెండు మూడు సెంటీమీటర్ల ఆట యుండును. కచ్చితమైన కొలతను పుస్తకమే చెప్పును. గొలుసు అంతటను ఒకే తీరున అరుగదు గనుక చక్రమును త్రిప్పుచు నాలుగైదు చోట్ల చూడవలెను. వదులైన గొలుసు జారిపడును. మితిమీరి బిగించిన గొలుసు బేరింగులను తినివేయును. బిగించునపుడు రెండు వైపులనున్న గుర్తులు సమానముగా నుండవలెను. లేనియెడల చక్రము వంకరగా నిలుచును. ఇరుసు నట్టును మరల గట్టిగా బిగించిన పిమ్మట వెనుక బ్రేకును కూడ సరిచూడవలెను. చక్రము వెనుకకు జరిగినపుడు బ్రేకు కడ్డీ ఆట కూడ మారును. ఈ చివరి అడుగును మరచువారే ఎక్కువ. ఇంకొక మాట. ఇంజను నడుచుచుండగా గుడ్డతో గొలుసును తుడువరాదు. గుడ్డను లాగిన గొలుసు వ్రేళ్లను కూడ లాగును. చేతితో చక్రమును త్రిప్పుచు తుడుచుటకు పట్టు సమయము పది నిమిషములే.

మూడవది నూనె. బండిని సమతలముపై నిలిపి, ఇంజనును కొద్దిసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషములు ఆగి కొలపుల్లను చూడవలెను. చాలా బండ్లలో ఆ పుల్లను మరబిగింపక ఊరక ఆనించియే కొలువవలెను. బిగించి చూచిన వానికి నూనె ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును. మార్చి తీసిన పాతనూనెను వాగులోనో, బావి గట్టుననో పోయరాదు. ఈ వాగుల నీరు మంజీరకు పోవును, మంజీర నీటిని మనము త్రాగుచున్నాము. పాతనూనెను డబ్బాలో పట్టి, కొనువారికి ఇయ్యవలెను.

ప్లగ్గును విప్పి చూచుట ఒక వైద్యపరీక్ష వంటిది. మొన లేత గోధుమరంగున నున్న ఇంజను ఆరోగ్యముగా నున్నది. పొడిమసి పట్టిన గాలిజల్లెడ మూసుకొనియుండవచ్చును, లేదా పెట్రోలు ఎక్కువగా పోవుచుండవచ్చును. నూనెతో తడిసిన లోపల అరుగుదల మొదలైనదని అనుమానింపవలెను. మరల బిగించునపుడు మొదటి చుట్లను చేతివ్రేళ్లతోనే త్రిప్పవలెను. అల్యూమినియము మరలో పానాతో వంకరగా దూర్చిన ప్లగ్గు, కొద్ది రూపాయల పనిని వేల రూపాయల పనిగా మార్చును. కాగితపు గాలిజల్లెడను కడుగరాదు, మార్చవలెను. స్పాంజి జల్లెడనైన కడిగి, ఆరబెట్టి, నూనె అద్ది మరల పెట్టవచ్చును.

ఇక ఇంట చేయరాని పనులు గలవు. వాటిని ఎరుగుట కూడ విద్యలో భాగమే. 2019 ఏప్రిల్ నుండి అమ్ముచున్న కొత్త బండ్లలో, 125 సీసీకి మించిన వాటికి చక్రము పట్టివేయకుండ కాపాడు ఏబీఎస్, చిన్నవాటికి రెండు బ్రేకులు కలసి పట్టు ఏర్పాటు తప్పనిసరియైనవి. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 నియమములతో కార్బొరేటరు స్థానమున పెట్రోలును చిమ్ము యంత్రము, దానిని నడుపు విద్యుత్పరికరములు వచ్చినవి. వీటిని సుత్తి, పేచ్‌కస్‌లతో సాధింపజూచుట తగదు. డిస్కుబ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చును, గొట్టములో బుడగ మిగిలిన బ్రేకు పట్టదు. ఆ పని తెలిసినవాని చేతికే ఇయ్యవలెను. మూసిన గదిలో ఇంజను నడుపరాదు. రంగు, వాసన లేని ఆ విషవాయువు మనిషిని నిద్రలోనే తీసికొనిపోవును.

మన ఇండ్లలోని స్త్రీలను ఉద్దేశించి ఒక విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 123వ నిబంధన ప్రకారము, వెనుక కూర్చున్నవారి వస్త్రములు చక్రములో చిక్కకుండ వెనుక చక్రమును సగమునకు తగ్గకుండ కప్పు రక్షణ అమర్చవలెను. అందమునకు అడ్డమని కుర్రవారు దానిని విప్పివేయుచున్నారు. చీరకొంగు, దుపట్టా, బురఖా చక్రములో చుట్టుకొనిన ఎంతటి ఘోరము జరుగునో ఊహింపుడు. తల్లిని, చెల్లెలిని వెనుక కూర్చుండబెట్టుకొనువాడు ఆ కడ్డీలను విప్పుట న్యాయమా? బండ్లు నడుపు విద్యార్థినులు కూడ ఈ పాఠములు నేర్వవలెను. దారిలో బండి నిలిచినపుడు అపరిచితుని దయకొరకు ఎదురుచూడవలసిన అగత్యము వారికేల?

ఇంట బండిని బాగుచేసికొనిన మిస్త్రీ పొట్ట కొట్టినట్లు కాదా యని కొందరడుగుదురు. కానేరదు. పని తెలిసినవాడే పనివాని విలువ తెలిసికొనును, తగిన కూలి ఇచ్చును, అతనితో బేరమునకు బదులు మాటలాడును. అసలు బాధ వేరొకచోట నున్నది. మన సముదాయములో పెద్దకొడుకు కళాశాలకు, చిన్నకొడుకు షెడ్డుకు పోవు ఇండ్లు కొల్లలు. పదునాలుగేండ్లు నిండని బాలుని పనిలో పెట్టుట 2016 సవరణతో చట్టవిరుద్ధమైనను, ఛోటూ అను పేరు షెడ్లలో ఇంకను వినబడుచునే యున్నది. ఒకనికి పుస్తకము, మరియొకనికి పానా అను పంపకము ఇద్దరిని సగము మనుష్యులనుగా చేయుచున్నది. అన్నకు చేతిపని అవమానము, తమ్మునికి అక్షరము అందనిది. ఒకే పళ్లెములో తినువారి నడుమ ఈ గోడను కట్టినది మనమే, కూల్చవలసినదియు మనమే.

కళాశాల సంఘమువారికి మా మనవి స్వల్పమైనది. సైకిళ్లు నిలుపు చోట ఒక రేకుల కప్పు, ఒక పనిముట్ల పెట్టె, నెలకు రెండు శనివారములు చాలును. ఊరిలోని అనుభవజ్ఞుడైన ఉస్తాదును గౌరవ వేతనముతో పిలిచి, గురువుల సరసన కుర్చీ వేయవలెను. అతని వద్ద మన విద్యార్థులు పని నేర్తురు. అతని శాగిర్దులకు మన విద్యార్థులు తెలుగు, ఉర్దూ, లెక్కలు నేర్పుదురు. అందులో ఛోటూలను షెడ్డు నుండి మరల బడికి పంపు బాధ్యతను కూడ మనము స్వీకరింపవలెను. అధిక వ్యయము లేని ఈ ఏర్పాటు రాబోవు విద్యాసంవత్సరమునకే సాధ్యము.

విద్యార్థులారా, చేతికంటిన నూనె సబ్బుతో పోవును. పనిని హీనముగా చూచు చూపు మాత్రము సబ్బుతో పోదు. దానిని పోగొట్టు విద్యను ఈ సంవత్సరమే మొదలుపెట్టుదము.