లారీలో వచ్చిన ఏనుగు, ప్రాణహిత దాటిన ఏనుగు

చిన్నప్పుడు కోరుట్లలో మా వాడకు ఏనుగు వచ్చిందంటే ఆ పూట బడి లేనట్టే. మా బాపమ్మ చాటలో బియ్యం పట్టుకుని గడప దాటేది. మావటి చేతిలో రెండు రూపాయలు పెడితే పిల్లల్ని దాని కడుపు కింది నుంచి దాటించేవాడు. జడుపు పోతుందట. నన్నూ దాటించారు. పోవడం అటుంచి, నాకు అప్పుడే పట్టుకుంది. "గిది యాడికెళ్లి వచ్చిందే?" అని అడిగితే, "మస్తు దూరం కెళ్లి బిడ్డా, నడుసుకుంట" అంది. ఎండాకాలం తారు రోడ్డు మీద నడిచొచ్చిన ఆ కాళ్ల సంగతి ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇప్పుడవి లారీల్లో వస్తున్నాయి. కొల్హాపూర్ జిల్లా నాందణి జైన మఠం ఏనుగు మహాదేవి గురించి 2025లో దేశమంతా మాట్లాడుకుంది. కీళ్ల జబ్బు, పాదాల పుండ్లు చూసి దాన్ని గుజరాత్‌లోని వంతారా జంతు సంరక్షణ కేంద్రానికి పంపమని జులై 16న బొంబాయి హైకోర్టు చెప్పింది, అదే నెలలో సుప్రీంకోర్టూ సరేనంది. కొల్హాపూర్ జనం కన్నీళ్లు పెట్టుకుని రోడ్డెక్కారు. ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. కానీ ఆ కేసులో మన ముక్క ఒకటుంది. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ ఏనుగును ఊరేగింపుల కోసం తెలంగాణకు తెచ్చారు. అంటే ఆ పుండ్లలో మన వంతు కూడా ఉంది. అద్దెకు అడిగేవాడుంటేనే కదా లారీ కదిలేది.

చట్టం లేక కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. 2022 సవరణ మాత్రం మతపరమైన "లేదా ఇతర" అవసరాల కోసం ఏనుగును తరలించడానికి సందు ఇచ్చింది. ఆ "ఇతర" అన్న మాటలో ఎన్ని లారీలైనా పడతాయి.

వేములవాడ రాజన్నకు కోడె కట్టే ప్రాంతం మనది. ఆ గుడికి చెందిన తిప్పాపూర్ గోశాలలో కోడెలు చనిపోయిన వార్తలు చదివినప్పుడే తెలిసింది, మొక్కడం వేరు, మేపడం వేరని. రోజుకు క్వింటాలున్నర మేత తినే జీవాన్ని బ్యాండు మోతల మధ్య నిలబెట్టి మనం చేసేది మొక్కడమే. తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్వామి ఎక్కే గజవాహనం ప్రాణమున్నది కాదు (ముందు నడిచే ఏనుగుల మాట వేరే, అదీ ఓనాడు మాట్లాడుకోవాలి). త్రిశూర్ జిల్లాలో ఇరింజాడపిల్లి గుడి 2023లో మర ఏనుగును తెచ్చుకుంది. మనకు అంత ఖర్చు కూడా అక్కర్లేదు. కొయ్య ఏనుగును చెక్కగల చేతులు మన దగ్గర ఇంకా ఉన్నాయి.

ఇక పిలవకుండా వచ్చిన ఏనుగు సంగతి. 2024 ఏప్రిల్ మొదటి వారంలో గడ్చిరోలి వైపు నుంచి ఒంటరి మగ ఏనుగు ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలో అడుగుపెట్టింది. చింతలమానెపల్లి మండలంలో ఒక రైతును, మర్నాడు పెంచికల్‌పేట మండలంలో మరో రైతును చంపింది. తరతరాలుగా ఏనుగు ముఖం చూడని పల్లెలవి. ఎదురైతే ఎటు పరిగెత్తాలో చెప్పిన మనిషి లేడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఓ మంద 2021లో గడ్చిరోలి చేరినప్పుడే మన ఒడ్డున దండోరా వేయించాల్సింది. రెండేళ్లకు పైగా వ్యవధి చేతిలో ఉన్నా పాఠం మాత్రం రెండు ప్రాణాలు పోయాకే మొదలైంది.

అది కోరుట్ల దాకా వస్తుందా అని నవ్వుతారు. రాకపోవచ్చు. కానీ దాన్ని చంపే సరంజామా ఇక్కడ ముందే సిద్ధంగా ఉంది. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా కాట్రగడలో పొలాల మధ్య కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి పోయాయి. మన దగ్గర అడవి పందుల కోసం మక్క చేలు, పసుపు చేల చుట్టూ తీగ కట్టి మోటారు లైను నుంచి కరెంటు ఇచ్చేవాళ్లు ఉన్నారు. పందులు పడితే చేను రాత్రికి రాత్రే నేలమట్టమవుతుంది. రైతు కోపం నాకు తెలియనిది కాదు. ఆ కోపానికి సోలార్ కంచె ఉంది. అది జివ్వుమనిపించి తరిమేస్తుంది కానీ చంపదు. సర్కారు దానికి సబ్సిడీ ఇచ్చి తీరాలి.

అందాకా ఆ తీగలు విప్పేయండి. ఏనుగు కోసం కాకపోయినా, చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లే పక్క చేను మనిషి కోసం.